నీళ్లు ఎగుమతి చేసిన మనిషి

ఆయన్ని ఆయన ఫ్యాక్టరీ ఐసు మీదే పడుకోబెట్టారు. కూతురూ అల్లుడూ కలకత్తా నుంచి రైల్లో రావాలి. వాళ్లు వచ్చేదాకా ఆగాలి కాబట్టి హాల్లో సోఫాలు పక్కకి జరిపి, గోనెలు పరిచి, వాటి మీద దిమ్మలు పేర్చారు. వానాకాలమే గాని గాలి లేదు. దిమ్మలు కరిగి నీళ్లు గుమ్మం దాకా వస్తున్నాయి. పనివాడొకడు పాతగుడ్డతో తుడుస్తూ, బకెట్లో పిండుతూ, మళ్లీ తుడుస్తున్నాడు.

ఎగుమతిదారుల తరఫున వచ్చిన పెద్దమనిషి ఒకరు వరండాలో నాలుగు మాటలు మాట్లాడారు. సముద్రపుత్రుడు అన్నారు. విశాఖ సాగరతీరం నుంచి ప్రపంచపటం మీద వెలిగిన దీపం అన్నారు. నేను తలవంచుకుని నిలబడ్డాను. దుఃఖంతో వంచుకున్నానని పక్కాయన నా భుజం తట్టాడు. చనిపోయిన మనిషి గురించి మంచిమాటే చెప్పాలన్న మర్యాద నాకు తెలుసు. కాని ఆయన సముద్రంలో కాలు పెట్టగా చూసినవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు. లంగరు వేసి ఉన్న బోటు ఎక్కినా ఆయనకి కడుపులో తిప్పేది.

నేను ఆయన దగ్గర ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమస్తాగా పనిచేశాను. డెబ్బైల మధ్యలో చేరి, ఎనభైలు వచ్చిన కొంతకాలానికి మానేశాను. ఆయన వ్యాపారం రొయ్యలు. హార్బర్లో కొని, షెడ్డులో తలలు తీయించి, గడ్డకట్టించి, జపానుకి పంపేవాడు. రైతుబిడ్డ. ఊళ్లో ఉన్న పొలం అమ్మి ఇక్కడికి వచ్చాడు. అంతకుమించి ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు, తెలుసుకోవాలని అనిపించలేదు కూడా.

ఆయనకి తడి అంటే గిట్టదు. ఫిషింగ్ హార్బర్లో తెల్లవారకముందే పని మొదలవుతుంది. బోట్లు దించిన చేపలు, వాటి మీంచి కారే నీళ్లు, కరిగే ఐసు, పొలుసులు, కడుగుడు. అక్కడ పొడిగా ఉండేది పైనున్న రేకు ఒక్కటే. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లపంచెతో వచ్చేవాడు. ఇద్దరు మనుషులు రెండు చేపల పెట్టెలు బోర్లించి పట్టుకుని ముందు నడిచేవారు. ఒక పెట్టె మీద ఆయన నిలబడతాడు. రెండోది ముందర పెడతారు. పంచె కుచ్చెళ్లు రెండు వేళ్లతో పైకెత్తి దాని మీదికి అడుగేస్తాడు. వెనక పెట్టె తీసి మళ్లీ ముందర పెడతారు. వేలంపాట దగ్గరికి ఇలా చేరేసరికి అందరూ ఆయన్నే చూస్తుండేవారు.

"కొంగబాబొచ్చినాడ్రోయ్, దారొగ్గండి" అని బోట్లమీద కుర్రాళ్లు అరిచేవారు. ఆయన దాన్ని గౌరవంగానే తీసుకునేవాడు.

మనుషుల్నీ వస్తువుల్నీ ఆయన రెండు మాటలతో తేల్చేసేవాడు. ఒకటి ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ, రెండోది లోకల్. ఇంట్లో పెసరట్టు బాగుంటే ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ. కూతురికి వచ్చిన సంబంధం నచ్చితే కుర్రాడు ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ. గుడిలో ప్రసాదం పలచగా ఉంటే లోకల్. నన్ను మొదటిరోజు ఎగాదిగా చూసి, "లోకల్ బియ్యేయేగాని ఇంగ్లీషు పర్నేదు" అన్నాడు. భోజనం వేళ నేను టౌను లైబ్రరీ పుస్తకం చదువుకుంటుంటే చూశాడు కాబోలు, ఆ తరవాత నా పేరు ఎత్తలేదు. "ఏటయ్యా పుస్తకం" అని పిలిచేవాడు.

ఆయన లెక్కలో లోకల్ అంటే మిగిలిపోయినది. తెగిన రొయ్య, నలిగిన రొయ్య, మెత్తబడ్డ రొయ్య లోకల్. అది మన బజారుకి వెళ్లేది. మంచిదంటూ ఒకటి ఉంటే అది మనం తినేది కాదన్న నమ్మకం ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆయనకే కాదు, ఆ రోజుల్లో దేశానికే ఆ నమ్మకం ఉండేది. టీపొడి నుంచి చీర దాకా, ఎగుమతికి పనికిరాక వెనక్కొచ్చిన సరుకని చెబితే జనం ఎగబడి కొనేవారు.

ప్రభుత్వాఫీసర్లు వచ్చినప్పుడు ఆయన భాష మారిపోయేది. "నేను వ్యాపారం చేయడం లేదండి. దేశానికి డాలర్లు తెస్తున్నాను. ఇది దేశసేవ" అనేవాడు. జీపు గేటు దాటగానే నా వైపు తిరిగి, "ఆడింటికో పెట్టె రొయ్యలు పంపీ. పెద్దయి వొద్దు. ఆడికి లోకల్ సాలు" అనేవాడు. ఆయన చేసిన దేశసేవలో ఆ పెట్టెలు కూడా ఉన్నాయి.

ఒక్క పొద్దు మాత్రం ఆయన్ని వేరేగా చూశాను. అది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నేను చేరిన కొత్తలో హార్బర్లో ఒక బోటు పెద్ద చారల రొయ్యలు దించింది. ఇంకా మీసాలు కదులుతున్నాయి. ఆయన పెట్టె మీంచే వంగి ఒకదాన్ని తీసి, అప్పుడే పైకొస్తున్న ఎండకి ఎదురుగా పట్టుకున్నాడు. లోపలి నరం దాకా కనిపిస్తోంది. చేతిమీంచి నీళ్లు కారి చొక్కా తడుస్తున్నా ఆయన చూసుకోలేదు. "ఇలాటిది ఆళ్ల సముద్రంలో నేదోయ్. డబ్బెట్టినా నేదు. మనకి ఊరికే వొచ్చింది" అన్నాడు. ఆ మాటలో దేశసేవ లేదు, డాలరు లేదు. ఆ పూట ఆయన్ని నమ్మాను. ఈ ఊరు నుంచి లోకానికి తలెత్తుకుని ఇవ్వదగిన వస్తువు ఒకటి వెళ్తోందని, దాని ఉత్తరాలు నేను రాస్తున్నానని సంతోషించాను.

ఇక నీళ్ల సంగతి. తల తీసిన రొయ్యల్ని రేకు పళ్లేల్లో వరసగా పేర్చి, చల్లటి నీళ్లు పోసి గడ్డకట్టిస్తారు. గాలి తగిలితే రొయ్య ఎండిపోయి రంగు మారుతుంది కాబట్టి నీళ్లు కావాలి. అది మోసం కాదు, పద్ధతి. రొయ్య మునిగేంత పోస్తే చాలు. అయితే అమ్మేది రొయ్య తూకం మీద. పళ్లెంలో పది రొయ్యలు తగ్గి నీళ్లు పెరిగినా దిమ్మ పైకి అలాగే కనిపిస్తుంది, అంతే బరువు తూగుతుంది. ఇది కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. తెలివి వాడవలసింది మానడానికి. ఆయన ఒక సీజనులో కొంచెం పోయించాడు. ఎవరూ అడగలేదు. మరుసటి సీజనులో ఇంకొంచెం.

షెడ్డులోకి వచ్చి బల్లల మధ్య నిలబడి, "దానికి దాహమేత్తంది. ఇంకో సెంబు పొయ్యండి" అనేవాడు. అది ఆయన హాస్యం. రోజూ అదే.

షెడ్డులో పనిచేసేవాళ్లంతా జాలరిపేట ఆడవాళ్లు. వాళ్లని తీసుకొచ్చింది, వాళ్లమీద అజమాయిషీ చేసేది నూకాలు. నడివయసు మనిషి. నోరు పెద్దది. ఆమె వేళ్లు రొయ్య తల గిల్లుతుంటే కళ్లు గుమ్మం మీద ఉండేవి. ఎవరొస్తున్నారో చూసి ఆమె గొంతు తగ్గించగా నేను వినలేదు.

"మా ఈదిలో కుళాయికి సుక్క రావట్నేదు బాబూ. మీ రొయ్యలు మాత్రం రెండు పూటలా తానాలాడతన్నాయి" అందొకసారి.

"ఎక్స్‌పోర్ట్ రొయ్యలే అయ్యి. నీకూ నాకూ ఉంటదేటి ఆ రాత?" అన్నాడాయన నవ్వుతూ.

ఆమె చెప్పింది నిజమే. ఆ ఎండాకాలాల్లో జాలరిపేట కుళాయి దగ్గర బిందెలు సందు మొగ దాకా వరస కట్టి ఉండేవి. ఎగుమతి ఫ్యాక్టరీ కాబట్టి మాకు వేరే పైపు. ఊళ్లో మనుషులకి లేని నీళ్లు గడ్డకట్టి, పెట్టెల్లోకెక్కి, ఓడలో సముద్రం దాటి పోయేవి. సముద్రం మీదుగా నీళ్లు అమ్ముతున్న మనిషి ఆయన. ఇందులో నేను చేసిన పోలిక ఏమీ లేదు. అక్షరాలా జరిగిన పని.

అట్టపెట్టెలు మాకు ఈ ఊరి పాతబస్తీ నుంచే జాఫర్ భాయ్ తయారుచేసి ఇచ్చేవాడు. పెట్టె మీద దూకుతున్న పులి బొమ్మ. ఆయన తండ్రి ఒకప్పుడు ఇదే రేవు నుంచి కరక్కాయలు సీమకి పంపిన వర్తకుడు. జాఫర్ భాయ్ నా బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ, "డబ్బా మీద పులి, అందర్ పానీ. క్యా బాత్ హై సాబ్! మా అబ్బాజాన్‌కి ఈ అకల్ రాలేదు. పాపం, బస్తాలో కరక్కాయలే పోసి పంపాడు" అన్నాడు. ఆయనకి అది జోకు. పెట్టెలకి పైకం వస్తోంది కాబట్టి జోకు వరకే.

ఒక సీజను చివర జపాను నుంచి కొనుగోలుదారుడి మనిషి వచ్చాడు. సన్నగా, మాట తక్కువగా ఉన్నాడు. ఆయన వస్తున్నాడని షెడ్డంతా సున్నం వేయించారు. ఆడవాళ్లకి తెల్లకోట్లు, తలకి టోపీలు, చేతులకి తొడుగులు ఇచ్చారు. తొడుగులతో రొయ్య జారిపోతోందని వాళ్లు గొల్లుమన్నారు. వచ్చినాయన కోట్లు చూడలేదు. కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లి తనకి తోచిన పెట్టె ఒకటి తీయించి, అందులోంచి ఒక దిమ్మ తీయించాడు. షెడ్డు మధ్యలో తొట్టి పెట్టించి అందులో కరిగించాడు.

అందరం చుట్టూ నిలబడ్డాం. కరగడానికి చాలాసేపు పట్టింది. వచ్చినాయన కుర్చీ వద్దన్నాడు. కరిగాక జల్లెడలో పోయించి, నీళ్లన్నీ ఓడిందాకా ఆగాడు. జల్లెడ అడుగున మిగిలిన కాసిని రొయ్యల్ని చూస్తే నాకే సిగ్గేసింది. తూకం వేయించాడు. కాటా వైపు చూసి, మా ప్రొప్రయిటరు వైపు తిరిగాడు.

మా ప్రొప్రయిటరు ఒక్క క్షణం తడుముకోలేదు. ఆ విషయంలో ఆయన నిజంగా ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ. షెడ్డులో ఆడవాళ్ల వైపు చెయ్యి చూపించి, నాతో, "సెప్పు పుస్తకం. ఇక్కడి ఆడోళ్లు దొంగలని సెప్పు. రొయ్యలు ఒళ్లో ఏసుకు పోతన్నారని సెప్పు" అన్నాడు.

"అది మీరే చెప్పండి" అన్నాను.

ఆయనే చెప్పాడు. తనకి వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో దొంగలు అన్న మాట స్పష్టంగా ఉంది. జపాను మనిషి జల్లెడలో రొయ్యల్నీ, తొట్టిలో నీళ్లనీ చూశాడు. తరవాత నెమ్మదిగా, మర్యాదగా ఒక ప్రశ్న అడిగాడు. రొయ్యలు తీసుకెళ్లినవాళ్లు వాటి బదులు నీళ్లు పోసి వెళ్లారా?

"ఎస్, ఎస్. వెరీ క్లెవర్ పీపుల్" అన్నాడు మా ప్రొప్రయిటరు.

చెప్పిన మాటకి సాక్ష్యం చూపించాలి కదా. ఆ సాయంత్రం నుంచే గేటు దగ్గర ఆడవాళ్లని సోదా చేయడం మొదలైంది. నూకాలుని పనిలోంచి తీసేశారు. ఆమె గేటు బయట ఆయన కారుకి అడ్డంగా నిలబడింది.

"నాను దొంగనా బాబూ? నా ఒళ్లో రొయ్య సూసినావా? నీ రొయ్య నా ఒళ్లోకెందుకొత్తాది? మా ఇంట్లో సముద్రముంది."

"పెద్ద ఆర్డరు పోతాది నూకాలూ. ఆడికేదో ఒకటి సెప్పాలి కదా. నిన్ను మళ్లీ తీసుకుంటాలే, రెండు నెల్లు ఆగు" అన్నాడాయన, అద్దం కొంచెం దించి.

"పనెవడిక్కావాలి? ఆ మాట తీసీ. తీసి ఎల్లు."

ఆమెకి ఏం పోతుందో ఆయనకి తెలియకపోలేదు. జాలరిపేట ఆడవాళ్లు పొద్దున్నే బోటు దగ్గరికి ఖాళీ బుట్టతో వెళ్తారు. బోటువాళ్లు మాట మీద బుట్టలో చేప వేస్తారు. సాయంత్రం అమ్ముకొచ్చి పైకం ఇస్తారు. కాగితం లేదు, సంతకం లేదు. షెడ్డు మూసే కాలంలో అందరికీ అదే బతుకు. దొంగ అన్న పేరు ఒకసారి పడితే ఆ బుట్టలో ఎవరూ చేప వెయ్యరు.

నూకాలు కులపెద్దల దగ్గరికి వెళ్లింది. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. దొంగతనం మాట వస్తే, అన్నవాళ్లూ పడ్డవాళ్లూ ఇద్దరూ సముద్రంలో మునిగి, ఆ తడిబట్టలతో అమ్మవారి ముందు నిలబడి తమ మాట చెప్పాలి. అక్కడ చెప్పిన మాటే చెల్లుతుంది. అన్నవాడు ఎంత పెద్దవాడైనా సరే. ఆయన రాకపోతే ఆడవాళ్లెవరూ షెడ్డుకి రామన్నారు. బోట్లు సరుకు దించుతున్నాయి, రొయ్యలు నల్లబడుతున్నాయి. అందుకని వచ్చాడు.

వచ్చేముందు నన్ను గదిలోకి పిలిచాడు. "నా బదులు నువ్వో మునుగు మునిగి సెప్పకూడదేటి? నువ్వూ కంపెనీ మనిషివే కదా" అన్నాడు. సరదాకి అనలేదు. నేను కుదరదన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. లోకల్ అని గొణుక్కున్నాడు.

కారు ఇసక దాకా వచ్చింది. డ్రైవరు డిక్కీ తెరిచి చేపల పెట్టె తీశాడు. ఇంటి దగ్గరనుంచే తెచ్చుకున్నాడన్నమాట. ఇసక తడిగా ఉంటుందని. దాన్ని బోర్లించాక ఆయన దాని మీద ఎక్కి నిలబడ్డాడు. నూకాలు అప్పటికే మునిగొచ్చి చీర నీళ్లు కారుతూ ఒడ్డునున్న అమ్మవారి గుడి ముందు నిలబడి ఉంది. ఎండలో ఆ చీర ఆరిపోతుందని ఆమె చెల్లెలు చెంబుతో మళ్లీ నీళ్లు తెచ్చి పోస్తోంది.

నూకాలు తన మాట చెప్పేసింది. రెండే ముక్కలు. నేను తియ్యలేదు, తీసినవాళ్లని ఎరగను.

పెద్దల్లో ఒక ముసలాయన, "బాబూ, సముద్రం దగ్గిరే ఉంది. ఓ మునుగు మునిగొచ్చి నీ మాట సెప్పీ. మాకింకేటీ అక్కర్నేదు" అన్నాడు.

"నాకు ఆయాసం తాతా. డాక్టరు తడవొద్దన్నాడు."

ఆడవాళ్లలోంచి ఒక గొంతు, "మరి మీ రొయ్యలకి డాక్టరేటన్నాడు బాబూ?" అంది.

ఒడ్డంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు తగ్గేలోపల ఆయనకి ఇంకో దారి దొరికింది. గొంతు పెంచి, "ఇక్కడెవరూ దొంగలు కారు. దొంగ ఆ జపానోడే. ఆడి తూకమే తప్పు. మన దేశం సరుకంటే ఆళ్లకి సులకన. మన ఆడోళ్లని దొంగలంటే నాను ఊరుకుంటానేటి?" అన్నాడు.

కొందరు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు కూడా. దేశం మాట వస్తే మనవాళ్ల చేతులు అలా లేస్తాయి. షెడ్డులో ఇక్కడివాళ్లని దొంగలన్నాడు, ఒడ్డున అక్కడివాళ్లని దొంగలన్నాడు, రెండు చోట్లా తాను దేశభక్తుడే. ఇంత చవగ్గా దొరికే వస్తువు ఇంకొకటి నాకు తెలియదు.

నూకాలు చప్పట్లు ఆగేదాకా చూసింది. "ఆ మాటే తడిబట్టల్తో సెప్పు బాబూ" అంది.

ఆయన గడియారం చూసుకున్నాడు. "అయితే నాను దొంగని కాదని ఆ జపానోడికి ఉత్తరం రాయించు. పుస్తకం బాబున్నాడు కదా" అందామె. రాయిస్తానన్నాడు. కారెక్కి వెళ్లిపోయాడు. పొడిబట్టలతో చెప్పింది తమకి లెక్క కాదని పెద్దలు తేల్చారు. అంటే ఆమె దొంగ అని తేలలేదు, కాదనీ తేలలేదు.

మర్నాడు ఉత్తరం టైపు చేసి బల్ల మీద పెట్టాను. చదవమన్నాడు. చదివాను. వెనక్కి తోసేశాడు. "ఆడోళ్లు దొంగలు కాదని రాత్తే, మరి దొంగెవడని ఆడడగడేటయ్యా? ఇన్ని పుస్తకాలు సదివినావు, ఇదీ తెల్దా?" అన్నాడు. ఆ నెలాఖరుకి నేను మానేశాను.

షెడ్డు మళ్లీ నడిచింది. ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు వచ్చారు, రాక ఏంచేస్తారు. నూకాలు రాలేదు. ఆమె బుట్టలో బోటువాళ్లు కొందరు చేప వేశారు, కొందరు మొహం తిప్పుకున్నారు. వేసినవాళ్లు కూడా మెల్లమెల్లగా తగ్గారు. ఎండుచేపలు కొనుక్కుని, బస్సెక్కి గోపాలపట్నం సంతబజారుకి వెళ్లి అమ్ముకునేదని తరవాత తెలిసింది. అక్కడ ఆమెని ఎవరూ ఎరగరు.

ఆ ఏడాదే ఆయనకి ఢిల్లీలో ఎగుమతుల షీల్డు ఇచ్చారు.

నేను ఆ తరవాత వేరే ఆఫీసులో, రేవు దగ్గరే, చాలాకాలం పనిచేశాను. ఎగుమతుల గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. వాటిలో మన బలాలు ఒక వైపు, మన బలహీనతలు ఒక వైపు రాసి ఉంటాయి. ఓడలు చాలవు, రేట్లు చాలవు, విద్యుత్తు చాలదు అని ఉంటుంది. నిజమే. కాని నాకు కనబడ్డది ఇంకా చిన్న విషయం. ఆయనలాంటివాళ్లు నలుగురు చాలు. ఈ ఒడ్డు నుంచి వచ్చే రొయ్య అంటేనే కొనేవాడు ముందుగా నీళ్ల వాటా తీసేసి ధర కట్టడం మొదలుపెట్టాడు. నిజాయితీగా పంపినవాడికీ ఆ కోతే. నష్టపోలేక వాడూ నీళ్లు పోశాడు. కోత ఇంకా పెరిగింది. ఔటర్ హార్బరులో జపాను ఓడలకి ఎత్తే ఇనుప ఖనిజానికి కూడా తేమ తీసేసే లెక్క కడతారు. మట్టి కాబట్టి దాన్ని ఎవరూ అవమానంగా అనుకోరు. ఆ మట్టి రేకై, పట్టాలై తిరిగొస్తే మనం ఓడ దగ్గర నిలబడి దించుకున్నాం. ఇప్పుడు మనకీ ఉక్కు ఫ్యాక్టరీ లేస్తోంది, చూడాలి. సముద్రం రొయ్య ఇచ్చింది, కొండ ఖనిజం ఇచ్చింది, జాలరిపేట చేతులిచ్చింది. వీటికి మా ప్రొప్రయిటరు తనవంతుగా కలిపింది నీళ్లొక్కటే.

చివరికి జపానువాళ్లు ఆయన దగ్గర కొనడం మానేశారు. గడ్డకట్టించే యంత్రాలు అమ్మేసి ఐసు ఫ్యాక్టరీ ఒకటే ఉంచుకున్నాడు. బోట్లకి ఐసు అమ్మేవాడు. ఆఖరి రోజుల్లో ఆయన నీళ్లని నీళ్లుగానే అమ్మాడు. ఆయన చేసిన వ్యాపారాల్లో సరైన తూకంతో నడిచింది అదే అనుకుంటాను.

ఆయన పోయాడని తెలిసి ఎందుకు వెళ్లానో నాకే సరిగా తెలియదు. ఆయన మీద నాకు గౌరవం లేదు, ఎప్పుడో పోయింది. కాని ఎండకి ఎదురుగా రొయ్యని పట్టుకుని, చొక్కా తడుస్తున్నా చూసుకోని మనిషి ఒకడు ఉండేవాడు. అతను ఒక్క పూటే ఉన్నాడు. అతని కోసమే వెళ్లి ఉంటాను. హాల్లో గోడమీద జపాను కేలండరు ఇంకా వేలాడుతోంది, ఎన్నో ఏళ్ల కిందటిది. దాని కింద షీల్డు. దాని కింద ఆయన.

వరండాలో ఉపన్యాసం ముగిసి, కాఫీలు తిరుగుతున్నప్పుడు గుమ్మం దగ్గర ఎవరో ఒక ముసలిదాన్ని ఆపుతున్నారు. తలమీది ఎండుచేపల బుట్ట దించి మెట్టు పక్కన పెట్టింది. ఆ వాసనకి ఎవరో ముక్కు మూసుకున్నారు. గోపాలపట్నం బస్సుకి వెళ్లబోతూ విని వచ్చినట్టుంది. "ఆయన దగ్గిర పన్జేసినాను. సూసెల్తాను" అంటోంది. నేను గొంతు గుర్తుపట్టి, రానివ్వమన్నాను.

నూకాలు లోపలికి వచ్చి, తుడుస్తున్న పనివాణ్ని దాటి, దిమ్మల దగ్గర నిలబడింది. ఆయనకి ఇస్త్రీ పంచె కట్టారు. కింద నుంచి ఐసు కరిగి పంచె నడుము దాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చొక్కా కూడా తడిసింది. ఆమె వంగి పంచె అంచు రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. వదిలేసింది. వేళ్లు తన చీరకి తుడుచుకుంది.

"ఇప్పుడు తడిసినావు కదా బాబూ" అంది, షెడ్డులో మాట్లాడే గొంతుతోనే. "ఇప్పుడు సెప్పు."

ఆమె కాసేపు నిజంగానే ఆగింది, ఆయనకి మాట తడుముకోవడానికి వ్యవధి ఇస్తున్నట్టు. తరవాత బయటికి వెళ్లి, బుట్ట తలకెత్తుకుని, బస్సు వైపు నడిచింది.